క్యాసెట్లో చెరిగిపోయిన ఊరు

కోరుట్లలో ఈ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్లు చెప్పే తీరులో నేను చాలా గొప్పవాణ్ణి. పరాయి దేశం నుంచి వచ్చిన క్యాసెట్టును ఒక్కసారి విని, అది ఏ దేశమో ఏ ఊరో అక్కడికక్కడే చెప్పేశానట. దాంతో చిక్కుకుపోయిన నలుగురు మనుషులు ఇల్లు చేరారట. మొన్నొక రోజు మా శాఖా గ్రంథాలయంలో ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు నన్ను కూర్చోబెట్టి ఇదే కథను నాకే వినిపించారు. నవ్వుతూ విన్నాను. ఇంటికి వచ్చాక మాత్రం మనసు కుదురుగా లేదు.

ఎందుకంటే ఆ కథలో ఒక ముక్క లేదు. ఆ ఊరి పేరు క్యాసెట్లోనే ఉండేది. దాన్ని చెరిపేసింది నేనే. ఈ ముక్క తెలిసినవాళ్లు ఇప్పుడు ఇద్దరో ముగ్గురో మిగిలారు. మేము పోయాక మెచ్చుకోలు ఒక్కటే మిగులుతుంది, తప్పు మిగలదు. అది సరికాదనిపించి రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. కొందరు ఇంకా ఉన్నారు, కొందరి పిల్లలు ఇదే ఊళ్లో తలెత్తుకుని తిరుగుతున్నారు.

నాది రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే పని. మా నాయిన తాళ్లెక్కి కల్లు గీసేవాడు. నన్నూ మోకు పట్టమన్నాడు గానీ మూడో చెట్టు మీదే నాకు కళ్లు తిరిగాయి. ఏడో తరగతితో బడి మానేసి, జగిత్యాలలో ఒక మెకానిక్ దగ్గర పని నేర్చుకుని, కోరుట్ల బస్టాండు ఎదురుగా చిన్న షాపు పెట్టుకున్నాను.

కోరుట్లలో కరెంటు సక్రమంగా ఉండి ఉంటే నేను చదువుకునేవాణ్ణి కాదు. ఆ రోజుల్లో పగలు గంటలకు గంటలు కరెంటు పోయేది. కరెంటు లేకపోతే మెకానిక్కు పని లేదు. షాపు షట్టర్ సగం దించి పక్క వీధిలోని లైబ్రరీకి వెళ్లేవాణ్ణి. మొదట పేపర్లు, తర్వాత నవలలు, అవి అయిపోయాక అల్మారాలో ఏది కనిపిస్తే అది. ఇంగ్లీషు పుస్తకాలను డిక్షనరీ పక్కన పెట్టుకుని, రోజుకు రెండు పేజీల చొప్పున కూడబలుక్కుని చదివాను. లైబ్రరీ సారు నన్ను చూసి, "కరెంటు పోయినట్టుందే" అనేవాడు. నా రాకను బట్టి ఆయనకు తెలిసేది.

ఆ అల్మారాలో అట్ట ఊడిపోయిన లావుపాటి ఇంగ్లీషు భూగోళ పుస్తకం ఒకటి ఉండేది. జగిత్యాలలో ఒక పాత వకీలు ఇంటివాళ్లు ఇచ్చినది. దాన్ని నేను తప్ప ఎవరూ ముట్టుకోలేదని, ఆఖరి పేజీకి అతికించిన, ఒక్క తేదీ ముద్ర కూడా పడని కాగితం చెప్పేది. అందులో ఒక ఊరి గురించి రెండు పేజీలు నాకు చాలా ఇష్టం. సముద్రం ఒడ్డు నుంచి అడవులూ కొండలూ దాటుకుంటూ తెల్లవాళ్లు వేసిన రైలు పట్టా ఒక పెద్ద మంచినీటి సరస్సు దగ్గర ఆగిపోతుంది. అక్కడ పుట్టిన ఊరు అది. ఆ పట్టా వేయడానికి మన దేశం నుంచి వేలమంది కూలీలను ఓడల్లో తీసుకుపోయారు. వాళ్ల వెనకే మన దుకాణదారులూ వెళ్లారు. ఊరికి రైల్వే పెద్ద ఒకాయన భార్య పేరు పెట్టారు. అక్కడ దోమలు, జ్వరాలు, రేకుల ఇళ్లు. అన్నిటికన్నా నాకు నచ్చింది, ఆ సరస్సులో తిరిగిన ఓడలు. వాటిని బ్రిటన్లో తయారుచేసి, మళ్లీ విప్పేసి, ముక్కలకు నంబర్లు వేసి, పెట్టెల్లో పెట్టి పంపితే, ఆ ఒడ్డున నట్లూ బోల్టులూ బిగించి నీళ్లలోకి దింపారట. రేడియో విప్పి బిగించి బతికేవాడికి ఇంతకన్నా గొప్ప సంగతి ఏముంటుంది? ఆ పేజీలను ఎన్నిసార్లు చదివానో.

ఇప్పటి పిల్లలకు క్యాసెట్టు ఉత్తరాల సంగతి కొంచెం చెప్పాలి. కరువు మీద కరువు పడి, బోర్లు ఎండి, ఇటు మా దిక్కు రైతులు, కూలీలు, అటు సిరిసిల్లలో పవర్‌లూమ్ కార్మికులు గల్ఫు బాట పట్టిన ఏండ్లు అవి. వెళ్లినవాళ్లలో సగం మందికి రాయడం రాదు, ఇంట్లోవాళ్లకు చదవడం రాదు. అందుకని మాట్లాడి క్యాసెట్టు నింపి, సెలవు మీద వచ్చేవాళ్ల చేత పంపేవారు. టేప్ రికార్డరు లేనివాళ్లు నా షాపుకు వచ్చి వినేవారు. విన్నాక అదే క్యాసెట్టు మీద జవాబు చెప్పి నింపేవారు. ఒక్క క్యాసెట్టు నాలుగైదుసార్లు సముద్రం దాటేది. పాత మాట పోతేనే కొత్త మాటకు చోటు. రికార్డు కావాలంటే రెండు మీటలు కలిపి నొక్కాలి, వినాలంటే ఒక్కటి. దసరా ముందు రోజుల్లో నా వేళ్లు పొద్దుననుంచి రెండు మీటలూ కలిపే నొక్కుతుండేవి.

ఒక మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. కోరుట్ల ఆడబిడ్డే, బీడీలు చుట్టేది. సిరిసిల్ల అబ్బాయికి ఇచ్చారు. అక్కడ సాంచాలు, అంటే ఆ మరమగ్గాలు, ఒక్కొక్కటే ఆగిపోతుంటే, ఒక ఏజెంటు మస్కట్లో బట్టల మిల్లు పని అని చెప్పి ఆమె భర్తను, ఇంకో ముగ్గురిని పంపాడు. వెళ్లి తొమ్మిది నెలలు. ఒక్క ఉత్తరం లేదు. ఆమె పుట్టింటికి వచ్చి బీడీలతో నెట్టుకొస్తున్నది. ఆ రోజు ఆమె చేతిలో క్యాసెట్టు ఉంది. మల్లాపూర్ మనిషి ఒకాయన దుబాయి నుంచి వస్తుంటే బొంబాయి విమానాశ్రయంలో ఎవరో మలయాళీ ఇచ్చాడట. దానికి చుట్టిన కాగితం మీద కోరుట్ల, ఆమె తండ్రి పేరు, అంతే. ఆ మలయాళీ ఎవరో, ఎక్కడినుంచి తెచ్చాడో తెలియదు.

నేను క్యాసెట్టు పెట్టి మీట నొక్కాను. మాట రాలేదు. సౌండు పెంచాను. రాలేదు. స్పీకరు వైరు ఊడిందనుకుని వెనక మూత విప్పాను. వైరు బాగానే ఉంది. ఇంకో తీగ కదిపాను. మిషనులోనే తప్పు ఉందని నాకు అంత నమ్మకం. ఆమె బెంచీ చివర కూర్చుని చూస్తూ చూస్తూ మెల్లగా అడిగింది.

"అన్నా, గా ఎర్ర లైటు వినేటప్పుడు గూడ ఉంటదా?"

ఉండదు. అది రికార్డు లైటు. నా వేళ్లు అలవాటున రెండు మీటలూ కలిపి నొక్కాయి. ఆపి వెనక్కి తిప్పి విన్నాను. నా గొంతే వినిపించింది. "వైరు పోయినట్టుంది చెల్లె, గాబరా పడకు." దాని వెనక మెట్‌పల్లి బస్సు కండక్టరు కేకలు. నాలుగు నిమిషాలు. ఆ తర్వాత ఒక్కసారిగా, వాక్యం మధ్యలోంచి, ఆమె భర్త గొంతు. "...అని దాని పేరు. మస్కట్టు కాదు, దుబాయి కాదు. ఇసుక గూడ లేదు. పాస్‌పోర్టులు గుంజుకున్నరు. షెడ్డు దాటనిస్తలేరు. ఊరి పేరు చెప్పిన గదా, ఏజెంటును పట్టి అడుగుండ్రి, మమ్ముల తీస్కపోండ్రి."

చెప్పిన గదా అంటున్నాడు. చెప్పిన చోట నేను బస్సు కేకలు నింపాను.

నేను ఆమె ముఖం చూడలేకపోయాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "మిగిలింది వెట్టన్నా" అంది. ఆ రోజు మిగిలింది రెండుసార్లు విన్నాం. రెండోసారి ఆమె పెదవులు అతని మాటతో పాటు కదలడం చూశాను.

మర్నాడు నేను, ఆమె, ఆమె అన్న ఏజెంటు దగ్గరికి వెళ్లాం. తెల్లచొక్కా, మర్యాద మనిషి. నలుగురూ మస్కట్లోనే ఉన్నారని, పని బరువుగా ఉండి ఏదో కూస్తున్నారని అన్నాడు. క్యాసెట్లో ఊరి పేరు ఉందా అని అడిగాడు. మేం లేదనగానే, ఆమెతో చాలా మెత్తగా, "పేరు లేని ఊరికి నేనెట్ల పోవాలె బిడ్డా" అన్నాడు. ఆఫీసులకు తిరిగాం. ప్రతి చోటా ఒకటే ప్రశ్న: ఏ దేశం? దేశం రాయని కాగితం ఏ దిక్కుకూ కదలదు. వాళ్లను తప్పుపట్టడానికీ లేదు.

మిగతా ముగ్గురి ఇళ్లు సిరిసిల్లలోనే. వాళ్ల సంతకాలకోసం ఆమెతో పాటు వేములవాడ బస్సెక్కి అక్కడికి వెళ్లాను. ఒకప్పుడు ఆ వీధిలోకి వెళ్తే సాంచాల చప్పుడుకు పక్కమనిషి మాట వినబడేది కాదు. ఆ రోజు ఒక ఇంట్లో అన్నం గిన్నె పెట్టిన చప్పుడు కూడా బయటికి వినిపించింది. ఆమె అత్త ముసలావిడ, చూపు మందగించింది. టేప్ రికార్డరు ఆమె ముందు పెట్టి వినిపించాను. కొడుకు మాటల కన్నా ముందు, వెనక ఉన్న చప్పుడు పట్టింది ఆమె.

"సాంచ నడుస్తున్నది. నాలుగున్నయి, ఒకదానికి పట్టి వదులయింది" అంది. "నడిపేటోడు మావోడే. పాణం మంచిగనే ఉన్నట్టుంది."

అప్పుడు నేను తప్పు ఒప్పుకున్నాను. మొదటి నాలుగు నిమిషాలు నా చేతులతో పోయాయని చెప్పాను.  ఆమె, "నన్ను పిలిచిండా గా పోయినదాంట్ల? అమ్మా అన్నడా?" అని అడిగింది.

నాకు తెలియదని చెప్పాను. ఆ మాట చెప్పడానికి పట్టినంత కష్టం నాకు పనిలో ఎప్పుడూ కలగలేదు.

తిరుగు బస్సులోనే నిర్ణయించుకున్నాను. పోయినదాన్ని ఏ మెకానిక్కూ తేలేడు. ఉన్నదాన్ని విప్పి చూడాలి. షాపు మూసుకుని క్యాసెట్టులోని ప్రతి మాటా కాగితం మీద రాసుకున్నాను. బొంబాయి నుంచి విమానం. దిగింది ఉక్కపోతగా ఉన్న సముద్రపు ఊరు. అక్కడినుంచి రైలు, రెండు రాత్రులు. కొండలెక్కుతుంటే చలికి వణికారు. తర్వాత రైలు పాతాళంలోకి దిగినట్టు ఒక పెద్ద లోయలోకి దిగి మళ్లీ ఎక్కింది. ఆఖరి స్టేషను. అవతల పట్టా లేదు, నీళ్లే. "అవతలి ఒడ్డు కండ్లవడది. సముద్రమే అనుకున్నం. కాని తియ్యటి నీళ్లు, గయ్యే తాగుతున్నం." నీళ్ల మీద గుర్రపుడెక్క చాపలాగా పరుచుకుని ఉంది. ఊళ్లో గుజరాతీ వాళ్ల పాత దుకాణాలు ఉన్నాయి. ఇంకొక మాట, అతను నవ్వుతూ చెప్పింది: "గీడ ఎండకాలం లేదు, చలికాలం లేదు. వచ్చిన్నాడు పొద్దు ఎప్పుడు పొడిసిందో ఇయ్యాల గూడ గప్పుడే పొడిసింది."

నేను కలం కింద పెట్టేశాను. ఏడాదంతా పగలు ఒకే నిడివి ఉండేది భూమధ్యరేఖ దగ్గరే. భూమధ్యరేఖ మీద, సముద్రమంత మంచినీటి సరస్సు. సముద్రం నుంచి వచ్చి సరస్సు దగ్గర ఆగిపోయే రైలు. మన దేశపు దుకాణాలు.

కరెంటు ఉండగా నేను లైబ్రరీకి పరుగెత్తడం సారు మొదటిసారి చూశాడు. అట్ట లేని పుస్తకం తీసి, ఆ రెండు పేజీలు తెరిచి, పటం మీద వేలు పెట్టాను. నా ఊరే. ఓడలను ముక్కలుగా తెచ్చి బిగించిన ఊరు. చదివిన చదువు అంతా ఆ ఒక్క క్షణం కోసమేనన్నంత గర్వం కలిగింది. దాచుకోను, ఆ గర్వం ఇప్పటికీ ఉంది.

అట్ట ఊడిన పుస్తకాన్ని బయటికి ఇవ్వకూడదు. సారును అడిగితే అల్మారా తాళం బల్ల మీద పెట్టి, "నేను చాయ్ తాగొస్త. వచ్చేసరికి బుక్కు లేకపోతె నాకు తెల్వది. వారం దాటినంక గూడ లేకపోతె మాత్రం నీ షాపుకొచ్చి కూసుంట" అన్నాడు.

సోమవారం జగిత్యాలలో ఒక పెద్ద అధికారి అర్జీలు తీసుకునేవాడు. మా అర్జీ మీద ఏజెంటును కూడా పిలిపించాడు. దేశం, ఊరు తేలితే ఢిల్లీకి రాస్తానని, తేలకపోతే అర్జీ మూసేస్తానని ముందే చెప్పాడు. నేను, ఆమె, ఆమె అన్న వెళ్లాం. నా చంకలో టేప్ రికార్డరు, సంచిలో పుస్తకం. అర్జీలో ఇంగ్లీషులో, నా చేతిరాతతో ఇలా రాశాను: పోర్ట్ ఫ్లోరెన్స్, బ్రిటిష్ ఈస్ట్ ఆఫ్రికా.

గుమస్తా అది గట్టిగా చదివి నవ్వాపుకోలేకపోయాడు. "సార్, గీ దేశానికి ఉత్తరం రాస్తె సక్కగ ఇంగ్లండు రాజుకు పోతది" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. ఏజెంటు కూడా మర్యాదగా నవ్వాడు. అధికారి నా పుస్తకం తీసుకుని మొదటి పేజీ తిప్పి చూసి, దీని వయసు మా తాతంత ఉంటుందయ్యా అన్నాడు. తెల్లవాళ్లు వెళ్లిపోయి ఏండ్లు గడిచాయని, ఆ దేశం ఇప్పుడు ఆ పేరుతో లేదని, ఆ ఊరూ లేదేమోనని అన్నాడు.

 ఇన్నేండ్లు చదివాను. ఓడల బోల్టులు చదివాను, జ్వరాలు చదివాను. పుస్తకం ఎప్పటిదో చూడాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు. మన దేశానికి స్వాతంత్ర్యం వస్తే వాళ్లకూ వచ్చి ఉంటుందన్న ఆలోచనే రాలేదు. లైబ్రరీలో ఒంటరిగా చదువుకున్నవాడికి పక్కన కూర్చుని ఇది పాతదిరా అని చెప్పేవాడు ఉండడు.

అప్పుడు ఆమె నోరు విప్పింది. ఆఫీసుల్లో అంతవరకూ మాట్లాడింది నేనో, ఆమె అన్నో.

"పేరు మార్తె మార్వనియ్యి సార్. అంత పెద్ద చెరువు ఏడికి వోతది?"

అధికారి ఆమె వంక చూశాడు. నవ్వులు ఆగాయి. అటెండరును పంపి ఎదురుగా ఉన్న పుస్తకాల షాపు నుంచి బడిపిల్లల కొత్త అట్లాసు తెప్పించాడు. నా ముందు పెట్టి చూపించమన్నాడు. సరస్సు అక్కడే ఉంది, అదే ఆకారంలో. చుట్టూ మూడు దేశాలు, కొత్త పేర్లతో, కొత్త రంగులతో. నా గుండె కుదుటపడబోయింది. అంతలోనే ఏజెంటు బల్ల మీదికి వంగి, "సార్, రైలు ఒక్క ఊరికే పోతలేదు సూడుండ్రి" అన్నాడు.

నిజమే. నా పుస్తకం నాటికి సరస్సు ఒడ్డున రైలు స్టేషను ఉన్న ఊరు ఒక్కటే. కొత్త అట్లాసులో నల్లగీతలు మూడు దిక్కుల నుంచి నీళ్లను తాకుతున్నాయి. ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి, తూర్పున ఒకటి. మూడు దేశాల్లో మూడు. తప్పు దేశానికి రాస్తే కాగితం నెలలు తిరిగి వెనక్కి వస్తుంది. ఆలోగా ఆ నలుగురిని ఇంకో చోటికి మార్చేస్తారు. అధికారి నా వేలి వంక చూస్తున్నాడు. నా వేలు మూడింటి మధ్యలో, నీళ్ల మీద ఆగిపోయింది. చలి, లోయ అని ఏదో అనబోయాను, నాకే నమ్మకం చాలలేదు.

"అన్నా," అంది ఆమె, "రెండో దిక్కు తిప్పు. ఆఖరికి."

క్యాసెట్టు తిప్పాను. ఈసారి ఒక్క మీటే నొక్కాను, నొక్కే ముందు మూడుసార్లు చూసుకున్నాను. ఆఖరి మాటలు వినిపించాయి. "ఇగ ఉంట. క్యాసెట్టు అయిపోవట్టె. పొద్దు నీళ్లల్ల మునిగింది. రోజు గిట్లనే, మా షెడ్డు ఎదురుంగ నీళ్లల్లనే మునుగుతది. నువ్వు యాదికొస్తవ్."

ఆమె మొఖం ఎర్రబడింది. ఆ ఆఖరి మాట గదినిండా పరాయివాళ్ల ముందు వినిపించాల్సి వస్తుందని ఆమెకు తెలుసు. తెలిసే తిప్పమంది.

"పొద్దు నీళ్లల్ల మునుగుతదంటె నీళ్లు పడమటి దిక్కున్నట్టు గదా సార్" అంది.

నీళ్లు పడమర ఉంటే ఊరు తూర్పు ఒడ్డున. నా వేలు దానంతట అదే కదిలింది. పాత పుస్తకంలో పోర్ట్ ఫ్లోరెన్స్ ఉన్న మూలలో, అదే వంపులో, కొత్త పేరు ఉంది. కిసుము. దేశం కెన్యా. నేను పైకి చదివాను.

చదివి తలెత్తేసరికి ఏజెంటు మంచినీళ్ల గ్లాసు కోసం చేయి చాపుతున్నాడు. అధికారి గ్లాసును తన వైపు జరుపుకుని, "ముందు చెప్పు, తర్వాత తాగుదువు" అన్నాడు. అతను చెప్పాడు. నలుగురినీ బొంబాయిలో ఇంకో దళారికి అప్పగించానని, ఆ దళారి ఎక్కడికి పంపాడో తనకు మూడు నెలల తర్వాత తెలిసిందని, తెలిసీ నోరు మూసుకున్నానని. చేతి సంచిలోంచి డైరీ తీశాడు. షెడ్డు చిరునామా అందులోనే ఉంది. కిసుము అనే మాట అతని చేతిరాతలో చూసినప్పుడు నాకు కోపం రాలేదు. మార్కులు వేసిన పరీక్ష కాగితం చూసుకున్నట్టుంది.

గుమస్తా అర్జీలో నా బ్రిటిష్ ఈస్ట్ ఆఫ్రికాను కొట్టేసి కొత్త పేర్లు రాశాడు. రాస్తూ, "మెకానిక్ సాబ్, గా ఓడల సంగతి మల్లొకసారి చెప్పు" అన్నాడు. జగిత్యాల బస్టాండు దాకా మాతో నడిచొచ్చి విన్నాడు. ఆ రోజు ముగ్గురం మిర్చిబజ్జీలు తిని, బస్సులో కిటికీ పక్క సీటు ఆమెకిచ్చి, గెలిచిన సైన్యంలాగా కోరుట్లలో దిగాం. సారు అల్మారాలో పుస్తకం పెట్టేశాను. దాని లోపలి పేజీ మీద పెన్సిలుతో ఒక మాట రాశాను: ఇందులోని పేర్లు మారినవి, చూసుకోగలరు. అది తప్పే, లైబ్రరీ పుస్తకం మీద రాయకూడదు. 

ఢిల్లీకి కాగితం పోయింది. కెన్యాలోని మన రాయబార కార్యాలయం వాళ్లు షెడ్డుకు వెళ్లారు. రెండు నెలలు దాటాక ఒక మధ్యాహ్నం, కరెంటు లేని వేళ, షట్టరు సగం దించుతుంటే ఎదురుగా బస్సు ఆగింది. నలుగురు దిగారు. సన్నగా, నల్లగా, ఒక్కో చేతిలో ఒక్కో ప్లాస్టిక్ సంచి. అందులో ఒకతను బస్టాండు దాటి నేరుగా నా షాపుకు వచ్చాడు. గొంతు విన్నాకే గుర్తుపట్టాను. క్యాసెట్టు అంతసార్లు విన్నాను మరి.

నేనే ముందు చెప్పాను. "బావా, నువ్వు చెప్పిన ఊరి పేరు నేనే చెరిపిన."

అతనికి దారిలోనే ఎవరో చెప్పారట. బెంచీ మీద కూర్చుని నవ్వాడు. "ఊరి పేరు ఒక్క మాటన్నా. గదొక్కటే నువ్వు దొరకవట్టినవ్. మిగిలిన నాలుగు నిమిషాలు ఏమున్నయో ఎర్కేనా? పేర్లు. మా అవ్వకాడికెల్లి మొదలువెట్టి, మా గల్లీల సాంచ నడిపే ఒక్కొక్కన్ని ఎట్లున్నరని పేరు పేరున అడిగి దండం చెప్పిన. మా అవ్వ పేరే మొదలు."

సిరిసిల్లలో ముసలావిడ అడిగిన ప్రశ్నకు నాకప్పుడు జవాబు దొరికింది. ఏ లైబ్రరీలోనూ దొరకని జవాబు.

మరుసటి రోజు కరెంటు ఉన్నప్పుడు అతను భార్యతో మళ్లీ వచ్చాడు. ఆమె ఆ క్యాసెట్టే తెచ్చింది. మొదటికి తిప్పమంది. పోయిన చోటనే పోయినవి మళ్లీ కావాలంది, అత్తకు తీసుకుపోయి వినిపించాలట. నేను రెండు మీటలు కలిపి నొక్కాను. ఎర్ర లైటు వెలిగింది. అతను గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. అమ్మ. అన్న. వదిన. పక్కింటి మగ్గం మనిషి. చాయ్ హోటలాయన. ఒక్కో పేరు ఆగి ఆగి, పిలిచినట్టు చెప్పాడు. నాలుగు నిమిషాలకు సరిగ్గా ముగించాడు, లోపల గడియారం ఉన్నట్టు.

నా వంతు కూడా ఉంది. పేర్లు రాయనని మొదట్లో అన్నాను కనుక పనులతో చెబుతాను. తాళం బల్ల మీద పెట్టి చాయ్ తాగడానికి వెళ్లిన లైబ్రరీ సారుకు, పుస్తకం ఇచ్చిన జగిత్యాల వకీలు ఇంటివాళ్లకు, క్యాసెట్టు మోసుకొచ్చిన మల్లాపూర్ మనిషికి, ముఖం తెలియని ఆ మలయాళీకి, నీళ్ల గ్లాసు జరుపుకున్న అధికారికి, నవ్వి నన్ను సరిదిద్దిన గుమస్తాకు, సాంచ చప్పుడులో కొడుకును గుర్తుపట్టిన తల్లికి, పొద్దు ఎటు మునుగుతుందో విన్న నా చెల్లెలికి దండాలు.

ఆ క్యాసెట్టు నకలు ఒకటి నా దగ్గర ఉంది. అందులో నాలుగో నిమిషం చివర, అతను ఊపిరి తీసుకుని ఇంకొక్క మాట అంటాడు. పక్కన ఆమె నవ్వు కూడా పడింది. "గీ డబ్బ మీద రెండు వేళ్లు వెట్టి నన్ను ఏ దేశంల లేకుంట చేసిన మెకానిక్ అన్నకు గూడ, పేరు పేరున దండం."